ఆంగ్ల గ్రామ చరిత్రము: ఏడవ ప్రకరణము — కొండ దిగిన కొత్తూరు

మన రైతు తన పొలము మాట చెప్పునపుడు ఇన్ని ఎకరములని చెప్పును. తెలంగాణములో ఆ ఎకరమును 40 గుంటలుగను, కోస్తా జిల్లాలలో 100 సెంట్లుగను పంచి లెక్క చూచుకొందురు. ఎట్లు పంచినను ఎకరము 4,840 చదరపు గజములే. పదులలోనో నూరులలోనో తెగవలసిన కొలత ఇట్టి వింతసంఖ్యలో ఏల తెగినదని బడిలో భూమిలెక్కలు చేసిన ప్రతి బాలుడును ఒకప్పుడైన తలపోసియుండును. దీని సమాధానము గణితశాస్త్రములో లేదు. వేయి సంవత్సరములకు పూర్వము ఇంగ్లండులో తడిసిన బంకమట్టి నేలను దున్నిన ఎద్దుల సత్తువలో నున్నది. పెద్దనాగలికి ఎనిమిది ఎద్దులను జంటలుగా పూన్చి తోలినపుడు అవి మధ్యలో ఆగక లాగగలిగిన దూరము 220 గజములు. ఆ చివరకు చేరి, ఊపిరి తీసికొని, మరలవలసినదే. ‘చాలు పొడవు’ అని అర్థమిచ్చు వారి మాటయే మన వృద్ధుల నోట నేటికిని వినవచ్చు ఫర్లాంగు. అంత పొడవును 22 గజముల వెడల్పును గల చెక్క ఒక నాగలికి ఒక దినపు దున్నకము, అదియే ఎకరము. పదునేడవ శతాబ్దమున ఎడ్మండు గంటరు అను పండితుడు ఆ 22 గజములకే సరిపోవునట్లు తన సర్వే గొలుసును కల్పించెను. మన పొలముల నడుమ రాతిని పాతి హద్దు నిర్ణయించిన కొలత, ఈ విధముగ, మన పేరైన నెరుగని ఒక పాలికాపు నాగటి వెనుక నడచిన దూరమే.

గడచిన ప్రకరణములలో, 1066 లో ఇంగ్లండును జయించిన విలియము రాజు 1086 నాటికి డూమ్స్‌డే గ్రంథమును వ్రాయించి పదుమూడు వేలకు పైగా ఊళ్లను, వాని నాగళ్లను, మరలను, పచ్చికలను లెక్కకు తెచ్చిన విధమును చూచితిమి. ఆ గ్రంథమున ప్రతిపుటయందును కనవచ్చు ‘మేనరు’ అను సంస్థ లోపల ఎట్లు బ్రదికినది, ఎట్లు శిథిలమైనది, దాని శిథిలములపై నేడు యాత్రికులు మెచ్చుకొను పచ్చని ఉద్యానములు ఎట్లు లేచినవి అనునది ఈ ప్రకరణమునకు విషయము.

మేనరు అనగా ప్రభువు కోటయని పలువురు భ్రమింతురు. అది ఇల్లు కాదు; ఒక ప్రభువు అధికారమునకు లోబడిన నేలయు, ఆ నేలను పట్టియున్న మనుష్యులును, వారి నడుమనున్న బాధ్యతల వలయును కలిసి మేనరు. ఆ నేల రూపమును కన్నులార చూడవలెనన్న నాటింగ్‌హామ్‌షైరులోని లాక్స్‌టన్ గ్రామమునకు పోవలెను. ఇంగ్లండంతట మాసిపోయిన ఉమ్మడి పొలముల వ్యవసాయము అచ్చట మాత్రము తెగక నేటివరకు నిలిచినది. 1635 లో మార్కు పియర్సు అను సర్వేయరు ఆ గ్రామమునకు గీసిన పటమొకటి ఆక్సఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగ నున్నది. దానిలో ఒక్కొక్క చెక్కయు, దాని హక్కుదారును గుర్తింపబడుటయే గాక, పొలములలో దున్నువారును, పంట కోయువారును చిన్నచిన్న బొమ్మలుగా కానవత్తురు. పశ్చిమపు పొలము, మరపొలము, దక్షిణపు పొలము అని మూడు మహాక్షేత్రములు. ఒకదానిలో శీతకాలపు గోధుమ, ఒకదానిలో వసంతమున చల్లు యవలో బఠాణీలో చిక్కుడో, మూడవది బీడు. ఏడాది కేడాది ఈ వరుస తిరుగుచుండును. ఒక రైతు భూమి అంతయు ఒక్కచోట నుండదు. ఒక చెక్క చెరువుదిగువను, ఒక చెక్క గుట్టమీదను, ఒకటి ఇసుకనేలలో, ఒకటి బంకనేలలో. మంచి నేలయు చెడ్డ నేలయు అందరికి పంచబడుటకే ఈ చెదరుదనము. నడుమ కంచెలు లేవు. కోత ముగిసిన తరువాత ఊరి పశువులన్నియు ఆ కొయ్యకాళ్లలోనికి ఒక్కమారుగా వదలబడును. కావున ఎవడును తనకు తోచిన పంటను తనకు తోచిన వేళ వేయుటకు వీలులేదు. విత్తుటయు, కోయుటయు, పశువులను తోలుటయు ఊరందరి నిర్ణయము.

ఈ నిర్ణయములకు స్థానము మేనరు కోర్టు. దారి తప్పి చేలబడిన పశువును బందెలదొడ్డికి తోలుట, పొరుగువాని చెక్కలోనికి ఒక చాలు జరిపి దున్నిన వానికి జరిమానా వేయుట, కావలివాని నియమించుట, వ్యాజ్యములను తీర్చుట దాని పనులు. లాక్స్‌టన్‌లో నేటికిని శీతకాల ప్రారంభమున జూరీవారు పొలము చుట్టివచ్చి, హద్దుకొయ్యలు పాతి, ఉమ్మడి పచ్చికలోనికి నాగలి జరిపినవాని పేరు వ్రాసికొని వత్తురు. తరువాత కోర్టు కూడి జరిమానా విధించును. ఆ సొమ్ము స్వల్పమే. కాని పొరుగువారి యెదుట పేరు చదువబడుట స్వల్పము కాదు. 1952 లో అచ్చటి భూస్వామి యగు మాన్వర్సు ప్రభువు ఆ గ్రామమును ప్రభుత్వ వ్యవసాయ శాఖకు విక్రయించుటచే ఈ పద్ధతి నాశనము కాక నిలిచినది. ఇంగ్లండు చరిత్ర చదువువారు రాజప్రాసాదములను చూచుటకు పోవుదురు. నన్నడిగిన, లాక్స్‌టన్ బురదపొలములో ఒక పూట నడచుట అంతకంటె విలువగల విద్య.

దీనిని చూచి మేనరు ఒక సమతా రాజ్యమని తలంపరాదు. విల్లెయిన్ అని పిలువబడు బద్ధరైతు వారమునకు రెండు మూడు దినములు ప్రభువు కమతములో వెట్టి చేయవలెను. కోతల వేళ అదనపు చాకిరి వేరు. కూతురు పెండ్లికి ప్రభువునకు రుసుము, గోధుమను ప్రభువు మరలోనే విసరించుటకు సుంకము. ఇంటి యజమాని చనిపోయిన దినమున, ఏడ్పులు చల్లారక మునుపే, వాని పశువులలో మేలైనది ప్రభువు పాకకు తోలబడును. ఊరు విడిచిపోవుటకు సెలవు లేదు. అయినను ఆ బద్ధునకు ఒక రక్షణ యుండెను, అది వాడుక. ‘ఇది మా తాతల నాటినుండి జరుగుచున్న వాడుక’ అని పన్నెండుగురు పెద్దలు కోర్టులో ప్రమాణము చేసి చెప్పిన మాటను ప్రభువు సైతము తేలికగా త్రోసివేయలేకపోయెను. తండ్రి గతించిన కొడుకు కోర్టునకు వచ్చి, ప్రభువు ప్రతినిధి చేత పట్టిన బెత్తపు కొనను తానును పట్టుకొని, భూమిని స్వీకరించును. ఆ సంగతి కోర్టు చుట్టలో వ్రాయబడును. దాని నకలు వాని కీయబడును. ఆ నకలే వాని పట్టా. అందుచేతనే అట్టి హక్కునకు ‘కాపీహోల్డు’ అని పేరు వచ్చినది. ఆ నకలులో ప్రతిసారియు తప్పక ఉండు వాక్యమొకటి కలదు: ఈ భూమిని ఇతడు ప్రభువు ఇష్టానుసారముగ, మేనరు వాడుక ననుసరించి అనుభవించును అని. ప్రభువు ఇష్టము, మేనరు వాడుక: ఒకే వాక్యములో ఇమిడిన ఈ రెండు మాటలకును పొత్తు కుదరదు. ఇంగ్లండు పల్లె చరిత్రయంతయు ఈ రెండు మాటల పోరాటమే యని నా విశ్వాసము.

తొలి విజయము వాడుకది. 1348 వేసవిలో డార్సెట్ తీరమున ఓడ దిగిన మహామారి రెండేండ్లలో జనములో మూడవవంతుకు తక్కువ గాకుండ, కొన్ని సీమలలో సగమువరకును తుడిచిపెట్టగా, మిగిలిన కూలివాని చేతికి విలువ వచ్చినది. కూలి పెరుగరాదని 1351 లో శాసనము చేసిరి. శాసనము కాగితము మీద నుండెను, కూలి పొలములో పెరిగెను. 1381 లో తలపన్ను వసూలు సాగగా వాట్ టైలరును జాన్ బాల్ అను పురోహితుడును ముందు నడువ కెంటు, ఎసెక్సు రైతులు లండనుపై నడచిరి. వారు పోయిన దారి పొడవున అనేక మేనరులలో మొదట మంటలలో పడినవి ధనాగారములు కావు, కోర్టు చుట్టలు. తమ దాస్యమునకు సాక్ష్యము ఆ తోళ్లపై నున్నదని వారెరుగుదురు. టైలరు చంపబడెను, పదునాలుగేండ్ల రాజు రెండవ రిచర్డు ఇచ్చిన వాగ్దానములు వమ్మయ్యెను. కాని తరువాతి వంద సంవత్సరములలో వెట్టి తనంత తానే సన్నగిలి, బద్ధరైతు శిస్తు చెల్లించు నకలుదారుగా మారెను.

మలి విజయము ప్రభువు ఇష్టముది. జనము తగ్గిన నేలమీద ధాన్యముకంటె ఉన్ని లాభమిచ్చెను. నూరుమంది దున్నవలసిన పొలమును ఒక గొల్లవాడును కుక్కయు కాచుకొనగలరు. యార్క్‌షైరు గుట్టల నడుమ వారమ్ పెర్సీ అను ఊరు ఇట్లే పోయినది. తెగులుకు బలహీనపడి, క్రమముగ ఇళ్లు ఖాళీ యగుచు, 1500 ప్రాంతమున మిగిలిన నాలుగు కుటుంబములను వెడలగొట్టి గొఱ్ఱెలను తోలిరి. 1948 లో మారిస్ బెరెస్‌ఫర్డు అను ఆర్థిక చరిత్రకారుడు ఆ పచ్చికలో గడ్డి క్రింద గోడల గుర్తులు ఎత్తుపల్లములుగా తేలియుండుట చూచెను. 1950 మొదలు 1990 వరకు, జాన్ హర్స్టు అను పురాతత్త్వజ్ఞునితో కూడి, వేసవి వేసవికిని ఆయన అచ్చట త్రవ్వకములు సాగించెను. నలువది వేసవులు ఒక్క చచ్చిన పల్లెకు ధారవోసిన ఈ నిష్ఠను తలచినపుడు నాకు శిరస్సు వంచబుద్ధి యగును. రాజుల సమాధులను త్రవ్విన వారికి పేరు వచ్చును. వీరు వెదకినది పాలికాపు గుడిసె పునాది, విరిగిన కుండ, పొయ్యిరాయి. ఆ ఊరి చర్చి మాత్రము కప్పు లేక, 1959 లో గాలివానకు కొంత కూలిన గోపురముతో, నేటికిని నిలిచియున్నది. ఇట్లు మాసిపోయిన మధ్యయుగపు పల్లెలు ఇంగ్లండులో మూడు వేల వరకు లెక్క తేలినవి.

1516 లో సర్ థామస్ మోర్ తన ‘యుటోపియా’లో, సాధుజంతువులగు గొఱ్ఱెలు మనుష్యులనే భక్షించుచున్నవని వాపోయెను. ప్రభుత్వమును విచారణలు జరిపించెను. కాని కంచెలు ఆగలేదు. 1549 లో నార్ఫోకు రైతులు కంచెలు పెరుకుచు రాబర్ట్ కెట్ అను భూస్వామి పొలమునకు వచ్చిరి. అతడు వారిని నిలువరింపలేదు. వారి మాట న్యాయమని ఒప్పుకొని, తన కంచెను తానే పెరికివైచి, వారికి నాయకుడయ్యెను. నార్విచ్ చెంతనున్న బీటిలో ఓకు చెట్టు క్రింద కూర్చుండి ఏడు వారములు న్యాయము తీర్చెను. రాజునకు పంపిన వారి కోరికలలో బద్ధులందరును విముక్తులు కావలెనన్నది యొకటి. ఆగస్టు చివర రాజసైన్యము వారిని ఓడించెను. డిసెంబరులో కెట్టును నార్విచ్ కోట గోడకు వ్రేలాడదీసిరి. తన లాభమునకు ప్రతికూలమైన న్యాయమును తన వాకిటనే గుర్తింపగలిగిన మనుష్యులు చరిత్రలో కొలదిమంది. కెట్ వారిలో నొకడు.

తరువాతి రెండువందల ఏండ్లలో ప్రభువులు మరియొక మెలకువ నేర్చిరి. బలము వలదు, శాసనము చాలును. 1604 మొదలు 1914 వరకు, ఎక్కువగా 1750 తరువాతి నూరేండ్లలో, పార్లమెంటు అయిదు వేలకు పైగా కంచె చట్టములను ఆమోదించి, సుమారు డెబ్బది లక్షల ఎకరముల భూమిని, అనగా ఇంగ్లండులో దాదాపు అయిదవవంతును, ఉమ్మడినుండి విడదీసి సొంత కమతములుగా పంచినది. ఊరిలో అధిక భూమి గలవారు అర్జీ పెట్టుకొందురు. చర్చి తలుపునకు ప్రకటన అంటింతురు. కమిషనర్లు వచ్చి, గొలుసుతో కొలిచి, హక్కు పత్రము చూపినవానికి చూపినంత ఇత్తురు. పత్రము లేక, ఊరి బీటిలో ఆవును మేపుకొనుచు, పొదలలో కట్టెలేరుకొనుచు బ్రదికిన కూలివానికి కొలుచుటకే ఏమియు లేదు. చిన్నకమతము దక్కిన రైతును తన వంతుకు కంచె నాటించు ఖర్చుకే దానిని అమ్ముకొనిన సందర్భములు పెక్కు. ఈ సంస్కరణమునకు ప్రచారకుడై ఊరూరు తిరిగిన ఆర్థర్ యంగ్ అను వ్యవసాయవేత్తయే 1801 నాటికి మనసు మార్చుకొని, ఇరువది చట్టములలో పందొమ్మిదింటివలన బీదలకు నష్టమే కలిగినదని వ్రాసెను. హెల్ప్‌స్టన్ గ్రామమున కూలివాని కొడుకై పుట్టిన జాన్ క్లేరునకు తన ఊరి చట్టము వచ్చిన 1809 లో పదునారేండ్లు. చిన్ననాడు తిరిగిన కాలిబాటలు ఒక్కొక్కటిగా మూతపడుట చూచిన ఆ బాలుడు వాని కొఱకు జీవితాంతము కవిత్వమై విలపించి, 1864 లో నార్తాంప్టన్ పిచ్చాసుపత్రిలో కన్నుమూసెను.

పరిగె మాట కూడ చెప్పవలెను. కోత ముగిసిన చేలో రాలిన కంకులను బీదస్త్రీలు ఏరుకొనుట మనకును ఎరిగిన సంగతియే. అచ్చటను అది వేదకాలమంత పాతది. వారి బైబిలులోనే చేని మూలలను బీదలకు విడువుమని ఆజ్ఞ కలదు. 1787 లో సఫోకు జిల్లా టిమ్‌వర్తు గ్రామమున మేరీ హౌటన్ అను స్త్రీ పరిగె యేరగా, ఆ చేని యజమానుడు దావా వేసెను. 1788 లో నలుగురు న్యాయమూర్తులలో ముగ్గురు, పరిగె యేరుట ఎవరికిని హక్కు కాదని తీర్పు చెప్పిరి. గూల్డ్ అను వృద్ధ న్యాయమూర్తి యొక్కడు మాత్రము బీదల పక్షమున నిలిచెను. టిమ్‌వర్తునకు చేరువనే కల్ఫర్డు అను ఊరిలో కారన్‌వాలిసు ప్రభువు ఎస్టేటు కలదు. ఆ తీర్పు నాటికి ఆయన కలకత్తాలో గవర్నరు జనరల్. 1793 లో ఆయన వంగదేశమున జమీందారులను భూమికి శాశ్వత స్వాములుగా స్థిరపరచెను. 1802 మొదలు ఆ విధానమే మన ఉత్తర సర్కారులకును దిగివచ్చినది. రైతు తరతరాల వాడుక క్రిందికి, జమీందారు సన్నదు పైకి వచ్చిన ఆ కథ మనకు తెలిసినదే. ఆ ఆలోచన ఏ పొలములలో మొలకెత్తినదో కూడ ఎరిగియుండుట మేలు.

కొలత అచ్చటినుండి ఇచ్చటికి వచ్చినట్లే, ధనము ఇచ్చటినుండి అచ్చటికి పోయినది. చెన్నపట్టణపు సెంటు జార్జి కోటకు గవర్నరుగా నుండిన థామస్ పిట్ 1702 లో జమ్‌చంద్ అను వర్తకుని యొద్ద 410 కారట్ల ముడివజ్రమును 48,000 వరహాలకు కొనెను. అది మన కృష్ణాతీరపు గనులలో దొరకినది. సానపట్టిన పిదప దానిని 1717 లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌనులకు అమ్మి, అదే యేట కార్న్‌వాల్ సీమలో బొకానక్ అను ఎస్టేటును కొనెను. అంతకు ముందే అతడు ఓల్డు సారమ్ మేనరును సంపాదించియుండెను. ఆ ఊరిలో ఊరు లేదు. మట్టి గోడలు, పచ్చిక, గొఱ్ఱెలు. అయినను 1832 లో రద్దగువరకు ఆ శూన్యస్థలము పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుచుండెను. థామస్ మనుమడు విలియమ్ పిట్ 1735 లో ఆ స్థానముననుండియే సభలో అడుగిడి, కాలక్రమమున దేశమునకు ప్రధాని యయ్యెను. మనుష్యులు లేని పల్లెకు ఓటున్నది. మనుష్యులున్న పల్లెలకు నిలువనీడ సందేహమైనది.

ఏలయన, భూమి దక్కిన ప్రభువులకు ఇప్పుడు మరియొక కోరిక పుట్టినది: కిటికీనుండి చూచిన చూపు మేరయంతయు సుందరముగ నుండవలెను. లాన్సలాట్ బ్రౌన్ వంటి ఉద్యాన శిల్పులు కొండలను సవరించిరి, వాగులకు కట్టలు వేసి సరస్సులు నింపిరి. పశువులు వాకిటికి రాకుండ, కంచెయు కంటబడకుండ, లోతైన కందకమును త్రవ్వి గడ్డితో మరుగుపరచిరి. ఆ దృశ్యములో పేడకుప్పలకు, గుడిసెలకు, పిల్లల అరుపులకు తావు లేదు. నార్ఫోకులో ప్రధాని రాబర్ట్ వాల్పోల్ హౌటన్ గ్రామమును తన ద్వారము వెలుపలికి జరిపెను. డార్సెట్‌లో జోసెఫ్ డేమర్ అను ప్రభువు మిల్టన్ ఆబస్ అను సంతపట్టణమునే నేలమట్టము చేయదలచి, కవులు ముగిసిన కొద్ది ఒక్కొక్క ఇంటిని పడగొట్టించుచు వచ్చెను. విలియమ్ హారిసన్ అను న్యాయవాది మాత్రము కదలనని భీష్మించెను. ప్రభువు తూము తెరపించి ఆయన ఇంటిని నీట ముంచెనని, హారిసన్ దావా వేసి గెలిచెనని అచ్చట చెప్పుకొందురు. వాడుక తెలిసినవాడు ఓడిన చోట చట్టము తెలిసినవాడు నెగ్గెను. అట్టివాడు ఊరికొక్కడైన నుండిన కదా!

ఇక కొత్తూరు కథ. ఆక్సఫర్డునకు దక్షిణముగ, థేమ్సు నది వంపు తిరుగు చోట ఎత్తైన ఒడ్డు మీద న్యూనమ్ కోర్ట్నీ అను పల్లె యుండెను. న్యూనమ్ అనగా కొత్త ఊరు. మన కొత్తపల్లి, కొత్తూరుల వంటి పేరే. కోర్ట్నీ అనునది మధ్యయుగమున దానిని ఏలిన వంశపు పేరు. పదునెనిమిదవ శతాబ్ది ఆదిలో హార్కర్టు వంశము వారు దానిని కొనిరి. ఆ వంశమున సైమన్ హార్కర్టు, మొదటి అర్ల్, మూడవ జార్జి రాజునకు జర్మనీ నుండి పెండ్లికూతురును తోడితెచ్చిన ఘనుడు. నదికి ఎదురుగ నూతన సౌధమును కట్టుకొనెను. కాని సౌధము ముందట చూపునకు పల్లె అడ్డము. ఊరంతయు ఆయన సొత్తే. కాపీహోల్డు నకలు చూపి అడ్డుపడువాడు లేడు. 1760 తరువాతి కొలదియేండ్లలో ఇళ్లు పడగొట్టిరి. ఒక మైలు అవతల, రాజమార్గమునకు ఇరువైపుల, ఇటుక ఇళ్లను జంటజంటలుగా, అన్నియు ఒక్కతీరుగా కట్టించి, జనమును అచ్చటికి చేర్చిరి. ఊరి పాత చర్చిని కూడ పడగొట్టి, 1764 లో దాని తావున గుమ్మటముతో గ్రీకు దేవాలయమును పోలిన కొత్త చర్చిని నిలిపిరి. సౌధమునుండి చూచువారికి అది వనములోని అలంకారము. ప్రార్థనకు పోవలసిన గ్రామస్థులు మాత్రము ప్రతి ఆదివారము మైలు దూరము నడచి, ఒకప్పుడు తమ వాకిళ్లున్న గడ్డి మీదుగ కొండ ఎక్కవలసి వచ్చినది.

ప్రభువు విషయమున పక్షపాతము లేక చెప్పవలసిన దొకటి కలదు: కొత్త ఇళ్లు పాత గుడిసెలకంటె గట్టివి, పొడివి. ఊరిని పడగొట్టి మనుష్యులను దిక్కులేక వదలిన ప్రభువులు పెక్కుమంది, ఇతడట్లు చేయలేదు. అయినను, ఎచ్చట నివసింపవలెనో ఎన్నుకొను మాటలో ఆ రైతుల నోట ఒక్క పలుకైన వినబడినట్లు జాడ లేదు. బాబ్స్ వయట్ అను ఒక ముసలి వితంతువు మాత్రము తన గుడిసెను విడువలేనని వేడుకొనగా, ప్రభువు కనికరించి ఆమె ఉన్నంతకాలము దానిని ఉండనిచ్చెను. ఊరంతయు పోయిన పచ్చికలో ఒక్క గుడిసె, ఒక్క పొగ.

ఈ పల్లెకు ఇద్దరు కవులు దొరకిరి. ఆస్థానకవియు, హార్కర్టుల ఆప్తుడును అగు విలియమ్ వైట్‌హెడ్ ఈ తరలింపును ప్రభువు ఔదార్యముగ వర్ణించి, ముసలమ్మను నిలిపిన దయను కొనియాడెను. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770 లో ‘పాడుబడిన పల్లె’ అను అర్థముగల కావ్యమును ప్రకటించెను; అందలి ఊరికి ఆయన పెట్టిన పేరు ఆబర్న్. అది న్యూనమ్ కథయేయని పెక్కుమంది విమర్శకుల తలంపు. దానిలోను ఒంటరి వితంతువు కలదు; కాని అచ్చట ఆమె ఎవరి దయకును నిదర్శనము కాదు, పోయిన వారందరికి మిగిలిన సాక్షి. ఒకే గుడిసెను చూచి ఒక కవి ధన్యవాదము పాడగా మరియొకడు దుఃఖించెను. వైట్‌హెడ్ పద్యములను నేడు ప్రత్యేకముగ వెదకువారు తప్ప చదువరు. గోల్డ్‌స్మిత్ కావ్యము మన దేశపు కళాశాలలలో సైతము తరతరాలు పాఠ్యగ్రంథమైనది.

1777 లో ఆ అర్ల్ తన ఉద్యానమున నడచుచుండగా పెంపుడు కుక్క ఒక బావిలో పడినది. దానిని రక్షింపబోయి ఆయనయు అందు పడి మరణించెను. కుమారుడగు రెండవ అర్ల్ రూసో భక్తుడు. పూలతోటలో ఆ తత్త్వవేత్త శిలాప్రతిమను నిలిపి, బ్రౌనును పిలిపించి, తండ్రి మొదలిడిన వనమును పూర్తిచేయించెను. మానవులందరు సమానులని చాటిన రూసో విగ్రహము, ఊరు లేచిపోయిన వనములో నిలిచినది.

నూరేండ్లు దాటిన పిదప ఈ వంశముననే పుట్టిన సర్ విలియమ్ హార్కర్టు ఆర్థికమంత్రి యయ్యెను. అప్పటికి అమెరికా ధాన్యము ఓడలపై వచ్చిపడి, ఇంగ్లండు పొలముల ధరలు ఇరువది యేండ్లుగా పడిపోవుచుండెను. ఎస్టేటుల శిస్తులు కరగిపోయెను. అట్టి సమయమున, 1894 బడ్జెటులో, ఆయన మృతుల ఆస్తిపై క్రొత్తగా మరణపు పన్నును నెలకొల్పెను. పెద్ద ఆస్తికి పెద్దవంతు అను సూత్రము దానిది. భూస్వాములు ఇది తమ వంశములకు ఉరిత్రాడని ఆక్రోశించిరి. 1904 లో అన్నకొడుకు సంతానము లేక మరణింపగా న్యూనమ్ ఎస్టేటు అనుకోకుండ సర్ విలియమునకే సంక్రమించినది. తాను నిర్ణయించిన పన్నును తానే చెల్లింపవలసి వచ్చెను. ఆయేటి అక్టోబరు మొదటి తేదీన, ఆ సౌధములోనే, ఆయన కన్నుమూసెను. తిరిగి పన్ను. చచ్చిన యింటి యజమాని మేలైన పశువును ప్రభువు తోలుకొనిపోయిన దినములనుండి, ప్రభువు చచ్చినపుడు రాజ్యము తన వంతు తీసికొను దినమువరకు, ఏడువందల యేండ్లు నడచిన దారి యిది.

కాపీహోల్డు అను హక్కు 1926 జనవరి 1 నుండి చట్టరీత్యా అంతరించెను. బెత్తము కొన పట్టుకొని భూమి స్వీకరించు రైతు ఆ దినముతో లేకపోయెను. రెండవ ప్రపంచయుద్ధమున న్యూనమ్ సౌధమును వైమానికదళము వారు తీసికొని, శత్రుభూముల ఛాయాచిత్రములను పరిశీలించుటకు వాడుకొనిరి. తరువాత అది ఆక్సఫర్డు విశ్వవిద్యాలయపు ఆస్తియైనది. 1993 మొదలు ఆబూ కొండనుండి వచ్చిన బ్రహ్మకుమారీల సంస్థ దానిని కవులుకు పుచ్చుకొని ధ్యానమందిరముగ నడపినది. అర్ల్ కిటికీలనుండి నదిని చూచుచు తెల్లచీరలు కట్టిన స్త్రీలు మౌనముగ కూర్చుండిరి.

ఇటుక ఇళ్లు రాజమార్గమునకు ఇరువైపుల నేటికిని జంటలుగానే యున్నవి. మోటారు బండ్లు వాని నడుమ ఆగకుండ పోవుచుండును. కొండ ఎక్కలేని వారి కొఱకు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఊరిలోనే వేరొక చర్చి కట్టిరి. పైన గుమ్మటపు చర్చి ఒంటరిగా, పూజలు లేక, తాళము పడియున్నది. దాని ముందటి పచ్చికలో బాబ్స్ వయట్ గుడిసె ఎచ్చట నుండెనో చూపుటకు ఒక రాయి యైనను లేదు.

(సశేషము)